ఎరుపూ తెలుపూ... ఒక కొండ ఊరు

తెల్లటి ఒళ్లు, దానిమీద నాలుగు ఎర్రటి మచ్చలు. చూడ్డానికి అంతే! కానీ 2018 అక్టోబరులో జపాన్‌లోని హిరోషిమాలో అలాంటి చేప ఒకటి వేలంలో 20 కోట్ల యెన్‌లకు పైనే పలికింది. అప్పటి లెక్కన మన రూపాయల్లో దాదాపు 13 కోట్లు. మీటరుకు పైగా పొడవున్న ఆడచేప అది. దేశదేశాల పత్రికలూ ధర చూసి నోరెళ్లబెట్టాయి. ఆ చేపలో అంత అందం ఏముందో చెప్పేందుకు మాత్రం పెద్దగా తీరిక దొరికినట్టు లేదు.

ఆ రకం పేరు కోహకు. జపాన్ భాషలో 'ఎరుపు-తెలుపు' అని అర్థం. కోయి చేపల్లో పాతకాలం నుంచీ పేరున్న రకం. మన దగ్గర హోటళ్ల ముందు తొట్లలోనూ ఫంక్షన్ హాళ్ల ఫౌంటెన్లలోనూ కనిపించే రంగురంగుల కోయిలన్నీ ఈ చేపకు ఏదో వరస చుట్టాలే. ఇక్కడో చిన్న చిట్కా. చాలామంది కోయిని గోల్డ్‌ఫిష్ అనుకుంటారు. మూతి దగ్గర చూడండి. రెండు జతల మీసాలుంటే కోయి, లేకపోతే గోల్డ్‌ఫిష్. నిజానికి కోయి మన చేపల మార్కెట్లో 'బంగారు తీగ' పేరుతో అమ్మే కామన్ కార్ప్‌కు అతి దగ్గరి బంధువు. మనం పులుసు పెట్టుకునే చేప అక్కడ రాజభవనం దాకా ఎలా వెళ్లిందన్నదే ఈ కథ. అది తెలియాలంటే దాని పుట్టింటికి వెళ్లాలి.

సొరంగం దాటితే...

పుట్టిల్లు హిరోషిమా కాదు. టోక్యోకు ఉత్తరాన, జపాన్ సముద్రం వైపున్న నీగటా. టోక్యోలో బుల్లెట్ రైలెక్కితే రెండు గంటల్లోపే నగవోకా నగరంలో దిగుతారు. దారిలో రైలు పెద్ద కొండల వరసను సొరంగాల్లోంచి దాటుతుంది. శీతాకాలంలో అయితే ఇవతల పొడి ఎండ, అవతల మోకాళ్లు దాటిన మంచు. నోబెల్ అందుకున్న రచయిత యసునారి కవబత తన 'మంచు దేశం' నవలను నడిపింది ఈ దారిలోని యుజవా ఊళ్లోనే.

నగవోకా నుంచి కారులో ముప్పావు గంట కొండల్లోకి వెళ్తే యమకోషి. ఒకటే ఊరు కాదు, కొండ మడతల్లో చెదురుమదురుగా ఉన్న పల్లెల గుంపు. ఇటువైపు యమకోషి, అటువైపు ఒజియా పట్టణం... ఈ చుట్టుపక్కల పల్లెలన్నీ కలిసి కోయికి పుట్టిల్లు. కొండవాలంతా మెట్లు మెట్లుగా వరి మళ్లు. మళ్ల మధ్యలో, మళ్లకు పైన, ఎక్కడ చూసినా చిన్న చిన్న చెరువులు. ఎత్తునుంచి చూస్తే అద్దాలు కుట్టిన లంబాడీ ఓణీని కొండమీద ఆరేసినట్టుంటుంది. ఆ అద్దాల్లో చాలావాటి అడుగున ఇప్పుడు కోయిలే తిరుగుతుంటాయి.

ఇక్కడ శీతాకాలంలో మూడు మీటర్ల మంచు కురవడం మామూలే. పాతకాలంలో నెలల తరబడి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయేది. రోగమొస్తే మనిషిని మోసుకుంటూ కనుమ దాటాల్సిందే. ఆ బాధ పడలేక కోమత్సుకురా అనే పల్లె జనం 1933లో పలుగులు పట్టుకుని కొండను తొలవడం మొదలుపెట్టారు. మధ్యలో యుద్ధం వచ్చి పని ఆగింది. అయినా పట్టు వదల్లేదు. 1949కి దాదాపు 900 మీటర్ల సొరంగం పూర్తిచేశారు. ఆ నకయమ సొరంగాన్ని ఇప్పటికీ చూడొచ్చు. యమకోషి మనుషులు ఎలాంటివాళ్లో అర్థం కావడానికి ఇంతకంటే పరిచయం అక్కర్లేదు.

కూరకోసం పెంచితే...

అలా మంచులో చిక్కుకుపోయే పల్లెలకు చలికాలంలో మాంసం ఏది? అందుకే మళ్లకు నీళ్లిచ్చే గుంటల్లో నల్లటి కార్ప్ చేపలను పెంచేవారు. వేసవంతా గుంటలో పెరిగేవి, చలికి ముందు ఇంటి పక్కకు చేరేవి. 1800ల తొలినాళ్లలో ఆ నల్లచేపల్లో అక్కడక్కడా ఒంటిమీద రంగు మచ్చలున్న పిల్లలు కనిపించాయి. రంగు చేపను వండెయ్యకుండా ఎవరో విడిగా దాచారు. దాచినవాళ్ల పేర్లు చరిత్రకు ఎక్కలేదు. పొద్దస్తమానం పొలంలో వంగి పనిచేసే రైతు, తినాల్సిన చేపను తినకుండా చూస్తూ కూర్చున్నాడంటే... నన్నడిగితే 13 కోట్ల వేలంకన్నా అదే పెద్ద విశేషం.

ఎర్రమచ్చల చేపకూ ఎర్రమచ్చల చేపకూ జతకట్టిస్తూ పోగా పోగా, 1880ల చివరికి ఇప్పుడు మనం కోహకు అంటున్న రూపం నిలదొక్కుకుంది. 1914లో టోక్యోలో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఈ పల్లెల చేపలు వెళ్లాయి. బహుమతి వచ్చింది, కొన్నిటిని యువరాజుకు కానుకగా ఇచ్చారు. దాంతో కొండల్లోని రైతుల సరదా దేశమంతటికీ తెలిసింది. ఆ తర్వాత ఎరుపు, తెలుపులకు నలుపు చేరి సాంకే, షోవా అనే మరో రెండు రకాలు ప్రసిద్ధికెక్కాయి. ఈ మూడింటినీ కలిపి కోయిల్లో పెద్దింటి బిడ్డలుగా చూస్తారు. మొత్తం రంగు కోయిలకు జపాన్‌లో 'నిషికిగోయి' అని పేరు. నిషికి అంటే రంగుదారాలతో నేసిన జరీపట్టు. జరీపట్టు చేప! ఒజియా నేతకు కూడా పేరున్న ఊరే. అక్కడ నేసిన సన్నని నారబట్టలను మంచుమీద పరిచి తెల్లబరుస్తారు. ఆ నేతకు 2009లో యునెస్కో గుర్తింపు దక్కింది. తెలుపు విలువ తెలిసిన ప్రాంతం అన్నమాట.

ఎలా చూడాలి?

ముందొక మాట. కోయిని పక్కనుంచి చూడకూడదు. అద్దాల అక్వేరియం దీనికి పనికిరాదు. చెరువు గట్టున నిలబడి పైనుంచి చూసేందుకే దీన్ని తీర్చారు. పోటీల్లో కూడా నీలిరంగు గుండ్రటి తొట్టెల్లో చేపలను వదిలి, చుట్టూ నిలబడి తలవంచి చూస్తారు.

కొత్తవాళ్ల కళ్లు మచ్చలమీదికి పోతాయి. తెలిసినవాళ్లు మచ్చల్ని ఆఖర్న చూస్తారు. మొదట చూసేది ఒళ్లు. కదురులా నడుమ నిండుగా, రెండు చివర్లా సన్నగా ఉండాలి. ఈదుతుంటే ఒళ్లు వంకర పోకూడదు. ఒళ్లు బాగాలేని చేపమీద ఎంత చక్కటి మచ్చలున్నా అవి గోనెసంచిమీద కుట్టిన జరీపువ్వులే.

తర్వాత తెలుపు. తెలుపులో చూడ్డానికేముంటుంది అనుకుంటాం కదా! కోహకులో సగం సంగతి అదే. అప్పుడే ఒలిచిన ఉడికించిన గుడ్డులా నున్నగా, లోపల్నుంచి మెరుస్తున్నట్టుండాలి. తలమీద పసుపు ఛాయ తేలినా, ఒంటిమీద చిన్న చుక్కలు పడినా లోపమే. రంగు పెరగాలని స్పిరులినా నాచు కలిపిన మేత ఎక్కువగా పెడితే ఎరుపు గట్టిపడుతుంది గానీ తెలుపు పాడవుతుంది. రెండు రంగులకూ ఒకే గిన్నెలోంచి తిండి పెడుతూ, ఒకటి పెరిగి రెండోది చెడకుండా చూసుకోవడం... ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అందరికీ తెలిసిన కష్టమే.

ఇక ఎరుపు. తలమీద ఎంత చిక్కగా ఉందో తోక దగ్గరా అంతే చిక్కగా ఉండాలి. ఎర్రటి మచ్చ మధ్యలో ఒక్క పొలుసు తెల్లగా మిగిలినా దాన్ని 'కిటికీ' అంటారు, మార్కులు తగ్గుతాయి. అసలైన పరీక్ష అంచు దగ్గర. చేప పొలుసులు బంగాళా పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటాయి. మచ్చ వెనకవైపు అంచులో ఎర్ర పొలుసు పైన, తెల్ల పొలుసు కింద ఉంటుంది. కాబట్టి అక్కడ గీత గీసినట్టు తెగిపోవాలి. దీన్ని 'కివా' అంటారు. గద్వాల చీర అంచు ఒంటిరంగు నుంచి విడివడినట్టు ఉండాలన్నమాట. ముందువైపు అంచులో వ్యవహారం తారుమారు. తెల్ల పొలుసు పైన, ఎర్ర పొలుసు కింద. లోపలి ఎరుపు తెల్ల పొలుసులోంచి పలచగా, గులాబీ నీడలా కనిపిస్తుంది. దీని పేరు 'సాషి'. ఆ నీడ ఒక పొలుసు వెడల్పుకు మించకుండా సమంగా ఉంటే మెచ్చుకుంటారు. ఒకే మచ్చకు ముందు అంచు మసక, వెనక అంచు పదును! ఒకసారి ఈ సంగతి తెలిశాక ఏ కోయిని చూసినా కళ్లు అక్కడికే పోతాయి.

ఇవన్నీ అయ్యాకే మచ్చల అమరిక. తలమీది ఎరుపు కళ్లమీదికి, ముక్కుమీదికి జారకూడదు. తోక మొదలయ్యే చోట కాస్త తెలుపు వదిలి ముగియాలి. వీపుమీద రెండు మచ్చలుంటే 'నిదాన్', మూడుంటే 'సాందాన్'. అంటే రెండు మెట్లు, మూడు మెట్లు. మెట్ల మళ్లలో పుట్టిన చేపకు మెట్ల పేర్లే దక్కాయి. ఎరుపు తెగకుండా మలుపులు తిరుగుతూ సాగితే 'ఇనజుమా', మెరుపు. పెదవిమీద చిన్న ఎర్ర చుక్క ఉంటే 'కుచిబెని', లిప్‌స్టిక్! ఒళ్లంతా తెల్లగా ఉండి నడినెత్తిన ఒక్క ఎర్ర గుండ్రం ఉంటే 'తాంచో'. తలమీద ఎర్ర టోపీ ఉండే జపాన్ కొంగ పేరది. చూసినవాళ్లకు వెంటనే జపాన్ జెండా గుర్తొస్తుంది. పోటీల్లో తాంచోది వేరే తరగతి.

'కోయి పెంపకం కోహకుతో మొదలై కోహకుతోనే ముగుస్తుంది' అని అక్కడ ఒక నానుడి. మొదటివాడు తేలికని కొంటాడు, ఆఖరివాడు కష్టమని కొంటాడు. సాంకే, షోవాల్లో ఎరుపు కొంచెం తప్పినా ఓ నల్ల మచ్చ దాన్ని కప్పేస్తుంది. కోహకులో ఉన్నవి రెండే రంగులు. తప్పు దాక్కోవడానికి చోటు లేదు.

లక్షల్లో కొన్ని

వేసవి మొదట్లో ఒక్కో తల్లిచేప లక్షల గుడ్లు పెడుతుంది. పుట్టిన పిల్లల్లో మొదటి వేసవిలోనే రెండు మూడుసార్లు ఏరివేత జరుగుతుంది. పూర్తి తెలుపు, పూర్తి ఎరుపు, వంకర ఒళ్లు... ముందు ఇవి పోతాయి. తర్వాత మచ్చ సరిగా లేనివి. చివరికి మిగిలేది నూటికి ఏ ఒకటో రెండో. చిన్న గిన్నెతో గంటల తరబడి అంగుళం చేపల్ని అటూ ఇటూ తీసేసే ఈ పని ఇంటిల్లిపాదీ చేస్తారు. తీసేసినవాటి గతి చెప్పుకోవడానికి అంత బాగుండదు. జరీపట్టు చేప అందంలో ఆ లెక్క కూడా ఉందని మాత్రం తెలిసుండాలి.

ఇంతా చేసి, ఆ వయసులో చక్కగా ఉన్న చేపనే ఉంచుతారనుకుంటే పొరపాటు. చిన్నప్పుడే ఎరుపు ముదిరి, అంచులన్నీ తేటగా ఉన్న పిల్ల తొందరగా వాడిపోయే ప్రమాదం ఎక్కువ. పండిన చేయి ఉన్న పెంపకందారు ఇంకా కాస్త నారింజ ఛాయలో, అంచులు మసకగా ఉన్న పిల్లనే దాచిపెడతాడు. ఐదారేళ్లకు అది ఎలా తేలుతుందో ఊహించి తీసుకునే నిర్ణయం అది. అలా ముందుచూపుతో ఉంచుకునే చేపను 'తాతెగోయి' అంటారు. పదో తరగతి మార్కులు చూసి పిల్లాడి జీవితం తేల్చేసే మనం నేర్చుకోవాల్సిందేదో అందులో ఉన్నట్టుంది!

వసంతంలో ఆ చేపల్ని కొండమీది మట్టి చెరువుల్లోకి వదులుతారు. బంకమట్టి కలిసిన ఆ నీళ్లలో ఒళ్లు నిండుతుంది, చర్మానికి మెరుపొస్తుంది. బురదనీళ్లు కావడంతో వేసవంతా చేప సరిగ్గా కనిపించదు. అక్టోబరు ప్రాంతంలో చెరువు దించి, నడుంలోతు నీళ్లలో దిగి వల లాగినప్పుడే తెలుస్తుంది... ఆ ఏడాది కలిసొచ్చిందో లేదో. తర్వాత చలికాలమంతా కప్పుకింద, తొట్లలో. అంటే ఊరి సంపదంతా ఒక్కచోట చేరే నెల అక్టోబరు.

2004 అక్టోబరు 23

ఆ శనివారం సాయంత్రం ఆరు కావస్తుండగా భూమి కంపించింది. తీవ్రత 6.8. నీగటా ప్రాంతంలో 68 మంది చనిపోయారు. నగవోకా దగ్గర పరుగెత్తుతున్న బుల్లెట్ రైలు పట్టాలు తప్పింది. ప్రయాణికులతో నడుస్తున్న బుల్లెట్ రైలు పట్టాలు తప్పడం అదే మొదటిసారి. అదృష్టవశాత్తూ అందులో ఎవరూ చనిపోలేదు.

యమకోషిలో కొండలే జారిపోయాయి. నీళ్లు నిలిపి చెరువులకు పనికొచ్చే ఆ బంకమట్టి నేలే కొండచరియలు జారడానికీ అనువైన నేల. దారులన్నీ తెగిపోయాయి. జారిపడ్డ మట్టి ఇమొకావా నదికి అడ్డం పడటంతో వెనక్కి ఎగదన్నిన నీళ్లలో ఇళ్లు మునిగాయి. రెండు రోజుల తర్వాత, ఊళ్లో ఉన్న సుమారు 2,200 మందినీ హెలికాప్టర్లలో కిందికి దించారు. ఊరు మొత్తం ఖాళీ!

చేపలు మాత్రం అక్కడే. కొన్ని చెరువుల గట్లు తెగి నీళ్లతోపాటే కొండమీంచి జారిపోయాయి. తొట్లలో ఉన్నవాటిది ఇంకో కష్టం. కరెంటు పోయింది, గాలి పంపులు ఆగాయి. కిక్కిరిసిన తొట్లలో చేపలు ఊపిరాడక చనిపోయాయి. పోయింది ఆ ఏడాది పంట ఒక్కటే కాదు. తల్లిచేపలంటే మూడు నాలుగు తరాలు ఏరి ఏరి నిలబెట్టుకున్న వంశాలు. డబ్బిచ్చినా అవి బజార్లో మళ్లీ దొరకవు. అందుకే బతికి ఉన్నవాటికోసం పెంపకందారులు వెనక్కి వెళ్లారు. చేపల్ని తొట్లలో పెట్టి హెలికాప్టర్లకు వేలాడదీసి కొండ దించారు. యమకోషికి ఎద్దుల పోటీలన్నా ప్రాణమే. ఒకటి గెలిచి ఒకటి ఓడేదాకా ఆగకుండా, మధ్యలోనే ఎద్దుల్ని విడదీసే వింత పోటీ అది. ఆ ఎద్దులూ అలాగే ఆకాశమార్గాన దిగాయి. ఇల్లూ వాకిలీ పోయినవాళ్లు చేపకోసం, ఎద్దుకోసం హెలికాప్టర్ కావాలని అడగడం బయటివాళ్లకు విడ్డూరంగా తోచి ఉండొచ్చు. యమకోషివాళ్లకు మాత్రం అది మళ్లీ ఊరుకట్టడానికి విత్తనాలు దాచుకోవడం.

అప్పటి గ్రామాధ్యక్షుడు తదయోషి నగషిమా 'యమకోషికి తిరిగి వెళ్దాం' అన్న మాటను ఊరి నినాదం చేశారు. నగవోకాలో కట్టిన తాత్కాలిక ఇళ్లలో కూడా ఏ పల్లెవాళ్లను ఆ పల్లెవాళ్లతోనే కలిపి ఉంచారు. ఇరుగుపొరుగు చెదరకపోతే తిరిగి వెళ్లే మనసూ చెదరదని. 2005 ఏప్రిల్‌లో యమకోషి పాలనపరంగా నగవోకా నగరంలో కలిసిపోయింది. 2007 చివరికి పదిమందిలో దాదాపు ఏడుగురు కొండ ఎక్కారు. చెరువుల గట్లు మళ్లీ వేశారు. బతికించుకున్న తల్లిచేపలు మళ్లీ గుడ్లు పెట్టాయి.

కథ అక్కడ సుఖాంతమైందని రాయడం తేలికే. కానీ మిగిలిన ముగ్గురు రాలేదు. వచ్చినవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ. జపాన్ పల్లెలన్నింటిలాగే ఇదీ ఏటేటా చిక్కిపోతోంది. ఇప్పుడు ఊరి జనం వెయ్యి లోపే. కోయికి మాత్రం గౌరవం పెరుగుతోంది. 2017లో నీగటా ప్రభుత్వం దాన్ని తమ అధికారిక అలంకార చేపగా ప్రకటించింది. మంచునీటితో వరినీ కోయినీ కలిపి సాగుచేసే పద్ధతికి అదే ఏడాది జపాన్ వ్యవసాయ వారసత్వ గుర్తింపు వచ్చింది. దేశదేశాల కొనుగోలుదారులు విమానాల్లో వచ్చి చేపలు కొనుక్కెళ్తున్నారు. అంటే యమకోషి చేపకు కొరత లేదు, గిన్నె పట్టి ఏరే చేతులకే కొరత.

ఊరివాళ్లు ఊరుకోలేదు. 2021 డిసెంబరులో కోయి బొమ్మలతో డిజిటల్ చిత్రాలు తయారుచేసి ఇంటర్నెట్‌లో అమ్మారు. కొన్నవాళ్లు యమకోషికి 'డిజిటల్ గ్రామస్తులు'. కొద్ది నెలల్లోనే వీళ్ల సంఖ్య అసలు గ్రామస్తుల్ని మించిపోయింది! వాళ్లలో కొందరు నిజంగానే రైలెక్కి వచ్చి మంచు ఎత్తిపోయడంలో చెయ్యేశారట. సొరంగం తవ్విన పల్లెలకు ఇదో కొత్త సొరంగం.

వెళ్లాలంటే...

అక్టోబరు, నవంబరు నెలలు మంచివి. కొండలమీద ఆకులు ఎర్రబడతాయి, చెరువుల్లో చేపలు తీస్తుంటారు. డిసెంబరు దాటితే మంచు. ఒజియాలో 'నిషికిగోయి నో సాతో' అనే కోయి ప్రదర్శనశాల ఉంది. కొత్తవాళ్లు ముందు అక్కడికి వెళ్లి కళ్లను కాస్త అలవాటు చేసుకుని కొండ ఎక్కడం మేలు. యమకోషిలో 'ఒరతారు' అనే కేంద్రంలో భూకంపం కథంతా చూపిస్తారు. అక్కడి మాండలికంలో ఆ పేరుకు 'మా ఊరు' అని అర్థం. కొగొమో పల్లెలో, నాటి వరదలో మునిగిన ఇళ్లలో రెంటిని తీసేయకుండా అలాగే ఉంచారు. సగం దాకా మట్టిలో కూరుకుపోయి ఉంటాయి.

కొండమీద బస్సులు తక్కువ, నగవోకాలో కారు మాట్లాడుకుంటే నయం. చెరువులు ఎవరివి వారివే. కంచె లేదు కదా అని గట్టెక్కకూడదు, కనిపించినవాళ్లను అడిగి వెళ్లాలి. నీళ్లలో చేతులు పెట్టకూడదు, మేత వేయకూడదు. చేపలకు రోగాలు ఒక చెరువు తడి నుంచి ఇంకో చెరువుకు పాకుతాయని వాళ్లకు భయం. కొనే ఉద్దేశం లేకపోయినా ఫర్వాలేదు. కోహకు ఉన్న తొట్టి దగ్గర నిలబడ్డప్పుడు మచ్చల్ని కాసేపు వదిలేసి, ముందు ఒళ్లు చూడండి. తర్వాత తెలుపు. తర్వాత అంచు.